అభయారణ్యం పోయి ఉద్యానవనం వస్తే మ్యాకకు దారేది?

తిరుపతిలో మదనపల్లె బస్సెక్కి, శ్రీనివాసమంగాపురం దాటి, రంగంపేట మీదుగా బాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు కుడిచేతి పక్క పొడుగునా కనిపించేవి శేషాచలం కొండలు. బస్సులో కూర్చున్న యాత్రికుడు ఆ కొండల వంక చూసి చేతులు జోడిస్తాడు. ఆ కొండల కింద పల్లెల్లో పుట్టి పెరిగిన కూలీలకు, జీవాలకాపరులకు కొండంటే దేవుడొక్కడే కాదు. పొయ్యిలోకి కట్టె, ఇంటిమీదికి బోద, పొరకలకు ఈతాకు, అంగడికి తేనె, నన్నారి వేరు, ఉసిరికాయ, కుంకుడుకాయ, ఎండాకాలం మూడు నెలలు మ్యాకలకూ గొర్లకూ ఇంత మేత. ఇవన్నీ కలిపితే కొండ. చేలల్లో పని లేని రోజున "కొండకు పోయొస్తాం" అన్నారంటే ఆ పూట కూలి అక్కడ గిట్టుతుందని అర్థం.

ఆ కొండకు గత 40 ఏళ్ళలో కాగితం మీద పేర్లు మారుతూ వచ్చాయి. తెల్లవాడి కాలం నుంచి అది రిజర్వు ఫారెస్టు. 1985లో శ్రీ వెంకటేశ్వర అభయారణ్యం అన్నారు. విస్తీర్ణం సుమారు 526 చదరపు కిలోమీటర్లు. ఆ తర్వాత 1989 అక్టోబరులో, అందులో 353 చదరపు కిలోమీటర్లను విడదీసి జాతీయ ఉద్యానవనం అన్నారు. మనకు తెలిసిన లెక్కలో చెబితే సుమారు 87 వేల ఎకరాలు. మిగిలిన 172 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగానే ఉండిపోయాయి. ఆ తర్వాత 2010లో పాత చిత్తూరు, కడప జిల్లాల అడవులను కలిపి 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ రిజర్వు ప్రకటించారు. 2022లో జిల్లాలు విడిపోయి తిరుపతి కొత్త జిల్లా అయింది. ఇన్ని పేర్లు మారినా కొండ మాత్రం అంగుళం కదల్లేదు. కదిలింది కొండ కింద మనిషి బతుకు.

ఈ పేర్లన్నింటిలో మన పల్లెలకు గట్టిగా తగిలిన పేరు 1989 నాటిది. అభయారణ్యానికీ జాతీయ ఉద్యానవనానికీ తేడా ఏముంది, రెండూ జంతువుల కోసమే గదా అని చదువుకున్నవాళ్ళు కూడా అంటూ ఉంటారు. తేడా ఉంది. ఆ తేడా పులికీ చిరుతకూ తెలియదు గానీ మ్యాకకు తెలుసు. అందుకే ఈ వారం ఈ శీర్షికను దానికి కేటాయిస్తున్నాము.

పార్కంటే ఏమిటి?

ముందు మాటతోనే పేచీ. ఉద్యానవనం అంటే పూలతోట. తోటకు కంచె ఉంటుంది, తోటమాలి ఉంటాడు, గేటు ఉంటుంది, గేటు దగ్గర టిక్కెట్టు ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళ 'పార్కు' మాటను తెచ్చి ఎలుగుబంటి తిరిగే అడవికి తగిలించారు. దానికి తోడు 1987లో తిరుపతి పక్కనే పెద్ద జంతుప్రదర్శనశాల పెట్టి దాన్నీ జూ పార్కు అన్నారు. ఈనాటికీ కొండ కింద పల్లెల్లో 'పార్కు' అంటే సగంమందికి గుర్తొచ్చేది బోనులో సింహమే. తాము రోజూ పోయే కొండే పార్కు అయిందని చాలామందికి మొదటిసారి తెలిసింది ఏదో నోటీసు చదివి కాదు, మందను ఆపినప్పుడు.

బాకరాపేట కనుమ కింద మందను తోలుకొస్తున్న ఒక పెద్దాయనతో మేము కాసేపు కూర్చున్నాము. 70 దాటిన మనిషి. "తాతా, ఎన్నాళ్ళ నుంచి ఈ కొండకు పోతా ఉండావు?" అని అడిగాము.

"మా నాయన వెంట తువ్వాయి మాదిరి తిరిగినప్పట్నుంచి నాయనా. అప్పుడు పుల్లరి కట్టేది, రసీదు తీసుకునేది, కొండెక్కేది. గార్డు వచ్చి అడిగితే రసీదు చూపించేది. ఇప్పుడు దుడ్డు కడతామన్నా తీసుకునేవాడు లేడు. పార్కంట. పార్కులో మ్యాక మేస్తే తప్పంట. ఈడ పార్కు యాడ కట్టినారో, ఎప్పుడు కట్టినారో నాకైతే తెలీదు. నేను చూస్తా ఉండేది ఆ కొండే, ఆ చెట్లే."

ఆయన మాటలో ఒక చరిత్ర ఉంది. పుల్లరి మన జాతి మీద తెల్లవాడు వేసిన పన్ను. అడవిలో పశువు మేస్తే పన్ను కట్టమంటే పల్నాడు తిరగబడింది. ఆ పోరాటంలో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు ప్రాణమిచ్చాడు. అలాంటి పుల్లరినే ఈనాడు ఒక ముసలి కాపరి తలచుకొని, ఆ రోజులే నయం అంటున్నాడంటే పరిస్థితి ఎక్కడికి వచ్చిందో గమనించాలి. పుల్లరి దోపిడీయే. అయితే డబ్బు కట్టించుకొన్న సర్కారు ఆ రసీదు మీద ఒక మాట కూడా ఒప్పుకొన్నట్టే గదా: నీ పశువు ఇక్కడ మేస్తుంది అని. ఉద్యానవనం ఆ మాటను కూడా తుడిచేసింది.

చట్టంలో ఏముంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 18వ సెక్షను అభయారణ్యానిది. 35వ సెక్షను జాతీయ ఉద్యానవనానిది. ఈ రెండు నంబర్లు గుర్తు పెట్టుకుంటే చాలు.

అభయారణ్యంలో పశువుల మేతను అధికారులు అదుపు చేయవచ్చు, కావాలంటే ఆపనూవచ్చు. అనగా ఆపాలని రూలు లేదు. పైగా కలెక్టరు విచారణ జరిపి, ముఖ్య వన్యప్రాణి అధికారితో సంప్రదించి, ఫలానావాళ్ళ ఫలానా హక్కు కొనసాగవచ్చు అని రాసే వీలు 1991 సవరణలో వచ్చింది. అడిగేందుకు, అర్జీ పెట్టేందుకు, ధర్నా చేసి సాధించుకొనేందుకు సందు ఉంది.

జాతీయ ఉద్యానవనం దగ్గర ఆ సందు మూసేశారు. హక్కు కొనసాగించే ఆ నిబంధన ఒక్కటీ ఉద్యానవనానికి వర్తించదని చట్టమే విడిచి చెబుతోంది. హక్కులన్నీ ప్రభుత్వానికి చేరిన తర్వాతనే ఉద్యానవనం తుది ప్రకటన రావాలి. మేత సంగతి మరీ ఖరాఖండీ. 35వ సెక్షను ఏడవ ఉపసెక్షను ప్రకారం ఉద్యానవనంలో ఏ పశువూ మేయకూడదు. మేయడం అటుంచి, లోపల కాలే పెట్టకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. లోపలికి పోవడానికి అనుమతి ఉన్న మనిషి పశువును వాహనంగా వాడుకుంటే మాత్రం పరవాలేదు! దొరవారు గుర్రమెక్కి పోవచ్చు, ఏనుగెక్కి పోవచ్చు. మా తాత మ్యాక మీద ఎక్కి పోతే ఏమంటారో కోర్టులో తేల్చుకోవలసిన విషయం.

ఆ తర్వాత 2000 ఫిబ్రవరి 14న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఉద్యానవనాల్లో, అభయారణ్యాల్లో ఎండిపోయిన చెట్టు, గాలికి పడిన చెట్టు, చివరకు గడ్డి కూడా తీసేందుకు ఉత్తర్వులివ్వరాదని రాష్ట్రాలను కట్టడి చేసింది. కాంట్రాక్టర్లు ఎండుచెట్ల పేరు చెప్పి పచ్చిచెట్లు నరుకుతున్న రోజులవి. దానికి అడ్డుకట్ట కావలసిందే. అయితే లారీకీ తలమోపుకూ తేడా చూడని ఉత్తర్వు కింద ముందుగా దొరికేది తలమోపే. లారీ పరుగెత్తుతుంది, మోపు మోసే ఆడమనిషి పరుగెత్తలేదు.

విచారణ ఎవరికి తెలిసింది?

ఇక్కడ కూలీ సోదరులు ఒక సంగతి బాగా తెలుసుకోవాలి. ఉద్యానవనం ప్రకటించడమంటే ఒక్క సంతకంతో అయ్యేది కాదు. ముందు ఫలానా హద్దుల మధ్య ఉద్యానవనం చేయదలిచాము అని ప్రభుత్వం ఉద్దేశం తెలపాలి. కలెక్టరు ఆ చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ, ఆ ఊరివాళ్ళ భాషలోనే ప్రకటన చేయించాలి. హక్కు ఉందనేవాడు రెండు నెలల్లో రాసి ఇవ్వాలి. కలెక్టరు విచారించి, ఒప్పుకోవాలి, లేదా తోసిపుచ్చాలి. ఒప్పుకొన్నచోట నష్టపరిహారం ఇచ్చి హక్కును కొనుక్కోవాలి, లేదా ఆ ముక్కను హద్దుల నుంచి వదిలేయాలి. చట్టం పుస్తకంలో చదువుకుంటే ఇదంతా న్యాయంగానే కనిపిస్తుంది.

పల్లెలో ఎట్లా జరుగుతుంది? రెండు నెలలంటే ఒక చెనిక్కాయ కోతకు వలసపోయి వచ్చేంత కాలం. పట్టా భూమి ఉన్న పెద్దరైతు ప్లీడరును పెట్టుకొని అర్జీ రాయించుకుంటాడు. ఆయన భూమి హద్దుల్లోంచి తప్పుకుంటుంది. కూలివాడి హక్కుకు పట్టా ఏది? మా తాత మేపినాడు, మా నాయన మేపినాడు, నేను మేపుతా ఉండాను అనేదే ఆయన దస్తావేజు. తేనె తీసే యానాదికి తేనెపట్టు మీద సర్వే నంబరు ఉండదు. అందుచేత కాగితం ఉన్న హక్కు మిగిలింది, కాలిదారి మీద ఉన్న హక్కు పోయింది. ఈ బాధ మన జిల్లాది మాత్రమే కాదు. దేశమంతటా ఈ విచారణలు ఏళ్ళ తరబడి నత్తనడక నడిచాయి. చివరకు 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు ఏడాదిలోగా ముగించండని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. పది, పదిహేనేళ్ళు తేలనిదాన్ని ఏడాదిలో తేల్చమంటే ఎవరి మాట విని తేలుస్తారో ఊహించవచ్చు.

అడవి మనకు అక్కర్లేదా?

ఇదంతా చదివి, వీళ్ళకు అడవీ అక్కర్లేదు, జంతువులూ అక్కర్లేదు అనేవాళ్ళుంటారు. వాళ్ళకు మా సమాధానం ఇది. అడవి అందరికంటే ముందు కావలసింది కూలీకి, చిన్న రైతుకు. శేషాచలం పచ్చగా ఉంటేనే సువర్ణముఖికి నీరు. 1977లో కట్టిన కల్యాణి డ్యామ్ ఈ కొండల నీటితోనే నిండాలి, తిరుపతి గొంతు తడపాలి. వాగు పారితేనే కింద బావిలో ఊట. ఊట ఉంటేనే మడి, మడి ఉంటేనే నాటు, నాటు ఉంటేనే ఆడకూలీకి పని.

ఈ కొండల సంపద సామాన్యమైంది కాదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పుకనుమల్లోనే. ఈతను పోలిన పేరీత అనే చెట్టు ఈ కొండలను విడిచి మరెక్కడా లేదు. రాతిచరియల్లో బంగారు బల్లి, రాత్రిపూట కొమ్మలమీద పెద్దకళ్ళ దేవాంగపిల్లి, బెట్లుడత, కణితి, కొండగొర్రె, రేసుకుక్క, చిరుత ఇక్కడ ఉన్నాయి. వీటిని కాపాడాలనడంలో మనకు రెండో మాట లేదు. ఎవరి నుంచి కాపాడాలి, ఎవరి చేత కాపాడించాలి అనేదగ్గరే మనకూ సర్కారుకూ తగాదా.

ఉద్యానవనం అనే కట్టుబాటు పెట్టుబడిదారుకు అడ్డం నిలిచిన సందర్భాలూ ఉన్నాయి, దాచవలసిన పని లేదు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచి కరెంటు ప్రాజెక్టు కట్టాలనుకుంటే శాస్త్ర సాహిత్య పరిషత్తు ఊరూరా తిరిగి జనానికి లెక్కలు చెప్పింది. ప్రాజెక్టు ఆగింది. 1984లో అది జాతీయ ఉద్యానవనమైంది. అక్కడ ఉద్యానవనం జనం అడిగి తెచ్చుకున్నది. జనం అడిగి తెచ్చుకున్నదానికీ, జనానికి తెలియకుండా వచ్చినదానికీ పేరు ఒకటే అయినా గుణం ఒకటి కాదు.

మన కొండల్లో 1989 తర్వాత ఏం జరిగింది? మ్యాకకు కంచె పడింది. ఎర్రచందనానికి పడలేదు. 1995 నుంచి ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్నాయి. అయినా దుంగలు కొండ దిగి, చెన్నై దారి పట్టి, చైనా, జపాన్ మార్కెట్లకు చేరుతూనే వచ్చాయి. మందను పసిగట్టిన కళ్ళకు లారీ కనబడలేదంటే నమ్మమంటారా? 2013 డిసెంబరులో ఈ అడవుల్లోనే ఇద్దరు అటవీ ఉద్యోగులు స్మగ్లర్ల మూకల దాడిలో చనిపోయారు. వాళ్ళూ నెలజీతం మీద బతికిన మనుషులే. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు బలయ్యారు. ఆత్మరక్షణ అన్నారు పోలీసులు. బూటకపు ఎన్‌కౌంటరు అన్నాయి హక్కుల సంఘాలు. జాతీయ మానవ హక్కుల కమిషను జోక్యం చేసుకొంది. ఆ చచ్చిపోయినవాళ్ళు ఎవరు? తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం వైపు నుంచి రోజుకూలి ఆశచూపితే గొడ్డలి పట్టుకొని వచ్చినవాళ్ళు. దుంగను కొన్నవాడు ఆ 20 మందిలో లేడు. ఈ పక్క మ్యాకలవాడు, ఆ పక్క గొడ్డలికూలీ, మధ్యన బీటు గార్డు. చచ్చేది, కేసుల్లో ఇరుక్కునేది ఈ ముగ్గురే.

బర్రెలను తోలేస్తే ఏమైంది?

అభయారణ్యాన్ని ఉద్యానవనంగా మార్చి మేత ఆపితే అడవికి మేలు జరుగుతుందని ఖాయంగా చెప్పగలమా? దీనికి మనకంటే ముందే జవాబు తెలుసుకున్న ఊరు ఒకటి ఉంది. రాజస్థాన్‌లో భరత్‌పూర్. అక్కడ కేవలాదేవ్ అనే చిత్తడినేల, సుమారు 29 చదరపు కిలోమీటర్లు. దేశదేశాల పక్షులు వచ్చి దిగుతాయి. అది పక్షుల అభయారణ్యంగా ఉన్నంతకాలం చుట్టుపక్కల పల్లెల బర్రెలు నీళ్ళలో దిగి గడ్డి మేసేవి. 1982లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. 35వ సెక్షను అక్కడికీ వచ్చింది. ఆ ఏడాది నవంబరులో బర్రెలను ఒక్కసారిగా ఆపేశారు. పల్లెలు తిరగబడ్డాయి. పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు.

ఆ తర్వాత కథ వినదగ్గది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు పదేళ్ళపాటు అక్కడే ఉండి పరిశోధన చేశారు. తేలిందేమిటి? బర్రెలు మేయడం మానేసరికి నీళ్ళలో గడ్డి ఏపుగా పెరిగి చిత్తడిని కమ్మేసింది. పక్షులకు ఈదే చోటు, చేపలు దొరికే చోటు తగ్గింది. బర్రె పక్షికి శత్రువు అనుకున్నారు. తీరా చూస్తే ఆ నేలను తెరిపిగా ఉంచింది బర్రే. చివరకు గడ్డిని తగ్గించేందుకు, ఆ పల్లెలవాళ్ళనే లోపలికి రానిచ్చి గడ్డి కోసుకొమ్మన్నారు. ఆ మాట 1982లోనే వాళ్ళను అడిగి ఉంటే?

శేషాచలం చిత్తడి కాదు, ఎండుకొండ. మ్యాక, బర్రె ఒకటి కాదు. లేతమొక్కను కొరికే గుణం మ్యాకకు ఉందని మేమూ ఒప్పుకొంటాము. ఎన్ని జీవాలు, ఏ నెలలో, ఏ కోనలో మేయవచ్చు, ఏ కోనను మూడేళ్ళు విడిచిపెట్టాలి అనేది కూర్చొని మాట్లాడుకోవలసిన సంగతి. కాపరులకు ఆ లెక్క తెలుసు. ఎండుగడ్డి కోయకుండా పేరుకుంటే నిప్పు ఎట్లా పాకుతుందో కూడా తెలుసు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచి, వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు పోయవలసి వచ్చింది. కొమ్మలు పట్టుకొని మంటలార్పే పనికి అటవీశాఖ ఎప్పుడూ పిలిచేది చుట్టుపక్కల పల్లెలవాళ్ళనే. మంటలప్పుడు మనిషి కావాలి, మేతప్పుడు అక్కర్లేదు.

ఇదే 35వ సెక్షను కింద హైదరాబాదు జూబిలీహిల్సు నడుమ కె.బి.ఆర్. జాతీయ ఉద్యానవనం ఉంది. 1990లలో వచ్చింది. పొద్దున్నే కార్లలో దిగి, పాసు తీసుకొని, ఆరోగ్యం కోసం నడిచిపోతారు. అందులో తప్పు లేదు, నడవనీయండి. తలకోనకు టిక్కెట్టు కొని జలపాతం చూడ్డానికి పోవచ్చు, సినిమావాళ్ళు పాట తీసుకోవచ్చు. కాలు పెడితే అడవి పాడవుతుందనే సూత్రం పేదవాడి కాలికీ, వాడి మ్యాక కాలికీ మాత్రమే ఎందుకు వర్తిస్తుందో చెప్పవలసింది పాలకులే.

జంతువు వల్ల వచ్చే నష్టమూ ఈ మనుషులదే. 1983-84 ప్రాంతంలో ఏనుగులు పక్క రాష్ట్రాల నుంచి పలమనేరు, కుప్పం అడవుల్లోకి వచ్చాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. అప్పటి నుంచి ఆ పక్కన చెరకు, వరి, టమోటా వేసిన రైతుకు నిద్ర లేదు. కందకాలు తవ్వారు, సోలారు కంచెలు వేశారు, 2025లో కర్ణాటక నుంచి కుమ్కీ ఏనుగులను తెచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో శివరాత్రికి అడవిదారిన తలకోనకు నడిచిపోతున్న భక్తులను ఏనుగులు తొక్కి చంపాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిబిడ్డను పొట్టన పెట్టుకొంటే దేశమంతా ఉలిక్కిపడింది. కొండెక్కేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు. ఆ బిడ్డ తల్లిదండ్రుల శోకం మనందరిదీ. రాత్రిపూట చేనికాడ మంచెమీద పడుకునే కూలీకి మాత్రం ఏ శాఖా కర్ర ఇవ్వలేదు.

ఇప్పుడు దారి ఏది?

1989 నాటి కాపరికి లేని ఆయుధం ఈనాడు ఒకటి ఉంది. వామపక్షాలు, ఆదివాసీ సంఘాలు పోరాడి తెచ్చిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం. ఈ చట్టం అడవి భూమి అంటే అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాలు కూడా అందులోకి వస్తాయని స్పష్టంగా రాసింది. తేనె, వేరు, ఆకు వంటి చిన్న తరహా అటవీ ఫలసాయం ఏరుకొని అమ్ముకొనే హక్కు, పశువులు మేపుకొనే హక్కు, ఊరంతా కలిసి అడవిని కాపాడుకొనే హక్కు ఇందులో ఉన్నాయి. వేట హక్కు లేదు. వేరే చట్టాల్లో ఏమున్నా ఈ హక్కులు గుర్తించవలసిందేనని నాలుగో సెక్షను చెబుతోంది. గుర్తింపు పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదనీ అందులోనే ఉంది. ఒక ఉద్యానవనంలో ఫలానా ముక్కను జంతువులకే పూర్తిగా విడవాలనుకుంటే, ముందు హక్కులు తేల్చి, కలిసి ఉండే దారి లేదని రుజువు చేసి, గ్రామసభ ఒప్పుకోలు తీసుకొన్న తర్వాతనే చేయాలి.

చట్టం ఉన్నంతమాత్రాన సరిపోతుందా? గోదావరి మీద పాపికొండల అభయారణ్యాన్ని 2008లో, అనగా ఈ చట్టం అమలులోకి వచ్చిన ఏడాదిలోనే, జాతీయ ఉద్యానవనం చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్లు పైన. కొండరెడ్ల కొండలవి. ఒకపక్క పోలవరం నీళ్ళు, ఒకపక్క ఉద్యానవనం హద్దులు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు క్లెయిము తిరస్కరించబడినవాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమంది. దేశమంతా ఆందోళన లేస్తే పదిహేను రోజులకు, 28న, ఆ ఉత్తర్వును తానే నిలిపివేసింది. కదలిక ఉన్నచోటనే చట్టానికి ప్రాణం వస్తోంది.

మన జిల్లాల్లో చేయవలసిన పని వివరంగా చెబుతాము. కార్యకర్తలు రాసి పెట్టుకోవాలి. మొదట గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో చూడండి. లేకపోతే వేయించండి. ఉమ్మడి హక్కులకు ఫారం 'బి', ఊరి అడవి వనరు మీద హక్కుకు ఫారం 'సి'. ఒక్కొక్క ఇంటి అర్జీ కాదు, ఊరంతా కలిసి పెట్టే అర్జీ. అక్కడి నుంచి ఆర్డీవో స్థాయి కమిటీకి, ఆపైన కలెక్టరు స్థాయి కమిటీకి పోతుంది. రుజువులు రెండైనా ఉండాలి. పెద్దవాళ్ళ వాంగ్మూలం రాయించి పెట్టినా రుజువే. పాత పుల్లరి రసీదు రుజువే. కొండలో మన పూర్వీకులు తవ్విన బావి, పూజించే రాయి, పాతిపెట్టిన శ్మశానం కూడా రుజువే. యానాదులు, సుగాలీలు గిరిజనులు కాబట్టి 2005 డిసెంబరు 13 నాటికి అడవి మీద ఆధారపడి బతికితే సరిపోతుంది. గిరిజనేతరులైన మాల మాదిగ కూలీలు, గొల్ల కురుబ కాపరులు మాత్రం మూడు తరాలు, అనగా 75 ఏళ్ళు, అక్కడ నివసించి అడవి మీద ఆధారపడినట్టు చూపాలి. ఇది పెద్ద ఇబ్బందే. దీన్ని సాకుగా చూపి ఆఫీసుల్లో కాగితం తీసుకోకుండా వెనక్కి పంపితే ఒప్పుకోకండి. తీసుకున్నట్టు రసీదు అడగండి, తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. రాసిన కారణం మీద పైకమిటీకి పోవచ్చు.

తొందర ఎందుకంటే, నల్లమల నుంచి శేషాచలం దాకా పులులకు దారి అనే మాట ఇటీవలి ఏళ్ళలో వినిపిస్తోంది. పులి వస్తే రానివ్వండి, కొండకు అందం. అయితే రేపు ఆ దారి పేరుతో మిగిలిన 172 చదరపు కిలోమీటర్ల అభయారణ్యానికో, కౌండిన్యకో కొత్త పేరు పెట్టబోతే, అప్పటికి ఊరి హక్కు కాగితం మీదికి ఎక్కి ఉండాలి. 1989లో మాదిరి రెండు నెలల గడువు అయిపోయిన తర్వాత తెలిసిందంటే కుదరదు.

ఇవన్నీ కనుమ కింద పెద్దాయనకు చెప్పాము. సగం విన్నాడు, సగం మందను చూసుకున్నాడు. పుల్లరి రసీదు రుజువంటే మాత్రం తల తిప్పి చూశాడు. "మా నాయన ట్రంకుపెట్టెలో ఏవో కాగితాలు ఉండాలి నాయనా. ముసల్దాన్ని అడిగి చూస్తా. చెదలు తినకుండా ఉంటే తెస్తా. ఆ గ్రామసభ ఎప్పుడో పంచాయతీ ఆపీసులో అడిగి చెప్పండి, ఆ పొద్దు మందను మా మనవడికి ఇడిసి వస్తా" అన్నాడు. చీకటి పడుతోందని కర్ర తీసుకొని లేచాడు.